హోమర్ సింప్సన్ యవ్వనం ఏ దశాబ్దంలో గడిచింది? ఒక ఎపిసోడ్, దాని రిఫరెన్సులు, కుదరని లెక్కలు

అమెరికన్ యానిమేషన్ సిట్‌కామ్ 'ది సింప్సన్స్'లో తండ్రి పాత్ర హోమర్ సింప్సన్ హైస్కూల్ చివరి ఏడాది చదివింది 1974లో. 1991లో ప్రసారమైన ఎపిసోడ్ ఆ మాట స్పష్టంగా చెప్పింది. 2008లో వచ్చిన ఇంకో ఎపిసోడ్ ప్రకారం అదే హోమర్ 1990లలో ఇంకా పిల్లలు లేని కుర్రాడు, గ్రంజ్ అనే రాక్ బాణీలో బ్యాండ్ పెట్టి పేరు తెచ్చుకున్నవాడు. 2021 నాటి మరో ఎపిసోడ్‌లోనేమో 1990లలో అతనికి ఇంకా మీసం కట్టు కూడా సరిగా రాలేదు, పిజ్జా రెస్టారెంట్‌లో డీజేగా ఆడిపాడే టీనేజర్. మూడూ ఒకే సీరియల్‌లోని అధికారిక ఎపిసోడ్లే. ఏదీ కల అని గానీ, వేరే లోకం కథ అని గానీ చెప్పలేదు.

వారానికి ఒక ఎపిసోడ్ చొప్పున టీవీలో చూసిన రోజుల్లో ఈ తేడా పెద్దగా ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. ఇప్పుడు సీజన్లన్నీ ఒకే యాప్‌లో వరుసగా ఉంటాయి. రెండో సీజన్ ఎపిసోడ్ చూసిన అరగంటకే పంతొమ్మిదో సీజన్ ఎపిసోడ్ చూడొచ్చు. సినిమా వాళ్ల భాషలో చెప్పాలంటే కంటిన్యుటీ మిస్సయిన చోటు వెంటనే దొరికిపోతుంది. కొత్తగా చూసేవాళ్లకు వచ్చే మొదటి సందేహం: రచయితలు మరిచిపోయారా, కావాలనే మార్చారా?

క్లుప్తంగా

సింప్సన్స్ పాత్రలకు వయసు పెరగదు, కానీ కథలో వాడే పాటలు, సినిమాలు, బ్రాండ్లు, రాజకీయాలు మాత్రం అసలు క్యాలెండర్‌కు చెందినవి. ప్రతి రిఫరెన్సు కథను ఒక సంవత్సరానికి కట్టేస్తుంది. పాత్రలు ఆ సంవత్సరంలో నిలవవు. అందువల్ల ఈ రోజు బాగా పేలిన రిఫరెన్సే కొన్నేళ్లకు కంటిన్యుటీ తప్పుగా మారుతుంది. దీనికి 2008 నాటి 'దట్ నైంటీస్ షో' ఎపిసోడ్ అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ. రంగు మారడం, చనిపోయిన పాత్ర కనిపించడం లాంటివి వేరే రకం. అవి తయారీ పద్ధతి నుంచి పుట్టేవి.

2008 ఎపిసోడ్‌లో ఏం జరుగుతుంది

2008 జనవరి 27న ఫాక్స్ ఛానల్‌లో ప్రసారమైన ఈ ఎపిసోడ్‌ను రాసింది మ్యాట్ సెల్మన్, దర్శకుడు మార్క్ కర్క్‌లాండ్. హోమర్ హీటింగ్ బిల్లు కట్టకపోవడంతో ఇల్లు గడ్డకట్టుకుపోతుంది. ఆ సమయంలో పిల్లలు బార్ట్, లీసాలకు తల్లి మార్జ్ యూనివర్సిటీ పట్టా దొరుకుతుంది. అమ్మ యూనివర్సిటీకి ఎప్పుడు వెళ్లిందని వాళ్లు అడిగితే, అమ్మానాన్నలు తమ 1990ల కథ చెప్పడం మొదలుపెడతారు.

ఆ కథలో మార్జ్ ఫీజు కట్టడానికి హోమర్ తన తండ్రి నడిపే లేజర్ ట్యాగ్ (లేజర్ తుపాకుల ఆట) కేంద్రంలో పనిచేస్తాడు. మార్జ్ మాత్రం యూనివర్సిటీ ప్రొఫెసర్ స్టెఫాన్ ఆగస్ట్ మాయలో పడుతుంది. మనసు విరిగిన హోమర్, అప్పటిదాకా స్నేహితులతో కలిసి పాడుతున్న ఆర్ అండ్ బీ బాణీ వదిలేసి, 'శాడ్‌గాజమ్' అనే గ్రంజ్ బ్యాండ్ మొదలుపెట్టి స్టార్ అయిపోతాడు. కీర్తి వచ్చాక ఇంట్లో ఒంటరిగా కూలబడతాడు. అతని దగ్గర సూదులు చూసి అందరూ మత్తుమందు అనుకుంటారు. చివరికి తేలేది ఏమిటంటే, అవి ఇన్సులిన్ సూదులు. ఫ్రాపుచినో అనే తీపి చల్ల కాఫీ తాగీ తాగీ షుగర్ తెచ్చుకున్నాడు.

ఎపిసోడ్ పేరే ఒక రిఫరెన్సు. 1998 నుంచి 2006 వరకు అదే ఫాక్స్ ఛానల్‌లో నడిచిన 'దట్ సెవెంటీస్ షో'కు పేరడీ. తమాషా ఏమిటంటే, ఆ సీరియల్‌కు కొనసాగింపుగా 2023లో నెట్‌ఫ్లిక్స్ తెచ్చిన సిరీస్‌కు కూడా నిజంగానే 'దట్ నైంటీస్ షో' అని పేరు పెట్టారు. పేరడీ పదిహేనేళ్ల ముందు వచ్చింది, అసలుది తర్వాత వచ్చింది. ఇప్పుడు వెతికేవాళ్లకు ఏది దేనికి పేరడీయో తలకిందులుగా కనిపించే అవకాశం ఉంది.

రిఫరెన్సులు పొరలు పొరలుగా

హోమర్ తొలిసారి గ్రంజ్ పాడినప్పుడు ప్రేక్షకుల్లో ఒకడు ఫోన్ తీస్తాడు. "కర్ట్, నేను నీ కజిన్ మార్విన్‌ని, మార్విన్ కొబేన్‌ని" అనే ధోరణిలో మొదలుపెట్టి, నువ్వు వెతుకుతున్న కొత్త శబ్దం ఇదిగో విను అని ఫోన్‌ను స్టేజీ వైపు పెడతాడు. అవతల ఉన్నది నిర్వాణా బ్యాండ్ గాయకుడు కర్ట్ కొబేన్ అని అర్థం. ఈ జోకు 1985 నాటి 'బ్యాక్ టు ద ఫ్యూచర్' సినిమా నుంచి తీసుకున్నది. అక్కడ హీరో కాలంలో వెనక్కి 1955కు వెళ్లి రాక్ అండ్ రోల్ వాయిస్తే, మార్విన్ బెర్రీ అనేవాడు తన కజిన్, నిజజీవిత రాక్ అండ్ రోల్ గాయకుడు చక్ బెర్రీకి ఫోన్ చేసి వినిపిస్తాడు.

అంటే ఇక్కడ రెండు పొరలు ఉన్నాయి. నిర్వాణా తెలిసినవాళ్లకు ఒక నవ్వు, సినిమా కూడా తెలిసినవాళ్లకు ఇంకో నవ్వు. ఆ సినిమాలో ఆ సన్నివేశం ఉన్నదే చరిత్రను తారుమారు చేసే వేళాకోళానికి. సింప్సన్స్ దాన్ని అరువు తెచ్చుకుని, తన సొంత చరిత్రను తారుమారు చేసుకుంటున్న ఎపిసోడ్‌లోనే పెట్టింది. ఇది యాదృచ్ఛికం అనుకోవడం కష్టం.

పాటల విషయానికి వస్తే, 'మార్జరిన్' అనే పాట బ్రిటిష్ బ్యాండ్ బుష్ పాడిన 'గ్లిజరీన్'కు పేరడీ. 'షేవ్ మీ' అనేది నిర్వాణా 1993 ఆల్బమ్‌లోని పాటకు పేరడీ. పేరడీ పాటలతోనే బతికిన గాయకుడు వియర్డ్ ఆల్ యాంకోవిక్ స్వయంగా గొంతిచ్చి, హోమర్ 'మార్జరిన్'కు 'బ్రెయిన్ ఫ్రీజ్' అని పేరడీ పాడతాడు. పేరడీకి పేరడీ అన్నమాట. అప్పట్లో ఎంటీవీ వార్తలు చదివిన కర్ట్ లోడర్ కూడా తన గొంతుతోనే వినిపిస్తాడు.

ఇప్పుడు వీటినే క్యాలెండర్ మీద పెట్టి చూడాలి. హోమర్ పాట విని కొబేన్‌కు కొత్త శబ్దం దొరికిందంటే, అది నిర్వాణాను ప్రపంచం గుర్తించిన 1991 సెప్టెంబర్ కన్నా ముందు జరిగి ఉండాలి. 'గ్లిజరీన్' ఉన్న బుష్ ఆల్బమ్ వచ్చింది 1994 చివర్లో, పాట సింగిల్‌గా విడుదలైంది 1995లో. స్టార్‌బక్స్ ఫ్రాపుచినోను అమ్మకానికి పెట్టింది కూడా 1995లోనే. మధ్యలో 1994 ఏప్రిల్‌లో కొబేన్ చనిపోయాడు. ఎపిసోడ్ చూస్తుంటే కథంతా ఒకే ప్రేమ, ఒకే ఎడబాటు, ఒకే బ్యాండ్ ఎదుగుదలగా గబగబా సాగిపోతుంది. కానీ అందులోని రిఫరెన్సులు కనీసం నాలుగేళ్ల మీద చెల్లాచెదురుగా ఉన్నాయి.

కాబట్టి ఈ ఎపిసోడ్ పాత ఎపిసోడ్లతోనే కాదు, తనతో తానే పొసగదు. రచయితలు 1992నో 1995నో ఎంచుకోలేదు. 'నైంటీస్' అనే ఒక మూటను ఎంచుకున్నారు. ప్రేక్షకుడి జ్ఞాపకంలో ఒక దశాబ్దం నిలిచేది అలాగే, సంవత్సరాల వారీగా కాదు. హాస్యానికి ఆ మూట చాలు. తప్పులు లెక్కపెట్టేవాళ్లకే చాలదు.

1974 ఎందుకు చెల్లకుండా పోయింది

పాత లెక్క ఎంత శ్రద్ధగా కట్టిందో చూస్తే, దాన్ని ఎందుకు కూల్చాల్సి వచ్చిందో తెలుస్తుంది. 1991 జనవరి 31న వచ్చిన 'ద వే వుయ్ వాజ్' ఎపిసోడ్‌లో హోమర్, మార్జ్ 1974లో హైస్కూల్‌లో కలుసుకుంటారు. అదే ఏడాది డిసెంబర్ 26న వచ్చిన 'ఐ మ్యారీడ్ మార్జ్' వాళ్ల కథను 1980కి తెస్తుంది. 'ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్' సినిమా చూసి వచ్చిన రాత్రి తర్వాత మార్జ్ గర్భవతి అవుతుంది. 1992 డిసెంబర్‌లో వచ్చిన 'లీసాస్ ఫస్ట్ వర్డ్', లీసా పుట్టుకను 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ కాలానికి ముడిపెడుతుంది. 1993లో ఒక ఎపిసోడ్‌లో హోమర్ డ్రైవింగ్ లైసెన్స్ మీద పుట్టిన తేదీ 1956 మే 12 అని కనిపిస్తుంది.

ఇవన్నీ కలిపి చూస్తే ఎక్కడా వంక లేదు. 1956లో పుట్టినవాడు 1974లో పద్దెనిమిదేళ్లవాడు. 1980లో కడుపులో పడిన బార్ట్ 1991కి పదేళ్లవాడు. హోమర్‌కు ముప్పై అయిదు. ప్రసారమైన సంవత్సరంతో కథ సరిగ్గా సరిపోయింది.

సమస్య తర్వాత మొదలైంది. బార్ట్ ఎప్పటికీ పదేళ్లవాడే. హోమర్ వయసు ఎపిసోడ్‌ను బట్టి అటూ ఇటూ మారినా నలభై దగ్గర ఆగిపోతుంది. 2008 నాటికి పదేళ్ల పిల్లవాడు 1997-98లో పుట్టి ఉండాలి. పాత లెక్క ప్రకారం హోమర్‌కు అప్పటికి యాభై రెండేళ్లు. పదేళ్ల కొడుకు, పాలుతాగే పసిపాప, హైస్కూల్ ప్రేమ, తొందరపాటు పెళ్లి, వీటిలో ఏదో ఒకటి వదులుకోవాలి. అదే ముప్పై ఎనిమిదేళ్ల హోమర్ అనుకుంటే అతను 1970లో పుట్టాడు, గ్రంజ్ సంగీతం ఊపేస్తున్నప్పుడు అతనికి ఇరవై దాటి ఒకటి రెండేళ్లు. 2008 ఎపిసోడ్ ఈ లెక్కనే పట్టుకుంది. అంటే 1991 రచయితలు వాడిన సూత్రాన్నే మళ్లీ వాడింది. సూత్రం అదే, ప్రసార సంవత్సరం మారింది, జవాబు మారింది.

అభిమానుల్లో చాలామందికి ఇది నచ్చలేదు. ముందు చెప్పిన చరిత్రను తర్వాతి కథ మార్చేయడాన్ని వాళ్లు రెట్‌కాన్ అంటారు. వాళ్ల అభ్యంతరం ఏదో సంఖ్య మారిందని మాత్రమే కాదు. 1974 ఎపిసోడ్ సిరీస్‌లోని మంచి ఎపిసోడ్లలో ఒకటిగా పేరున్నది, వాళ్లకు అది హోమర్, మార్జ్‌ల అసలు ప్రేమకథ. దాని స్థానంలో జోకుల మూట వచ్చి కూర్చుందని బాధ. ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది. 2008 ఎపిసోడ్‌లో పాటలు బాగున్నాయి, ప్రేమ మాత్రం పలచన.

ఇక్కడ మరో కోణం తక్కువగా చర్చకు వస్తుంది. సింప్సన్స్ సృష్టికర్త మ్యాట్ గ్రేనింగ్ పుట్టింది 1954లో. 1974 కథ రాసిన ముగ్గురిలో ఒకరైన శామ్ సైమన్ పుట్టింది 1955లో. 2008 కథ రాసిన సెల్మన్ పుట్టింది 1971లో. హోమర్ యవ్వనం ఏ దశాబ్దంలో పడినా, ఆ కథ వెనకున్నవాళ్ల సొంత యవ్వనం దాని పక్కనే ఉంది. రాసేవాడికి ఒంటబట్టిన పాటలే పాత్రకూ ఒంటబడతాయి. టైమ్‌లైన్ జరగడానికి పాత్రల వయసు ఎంత కారణమో, రచయితల గదిలో తరం మారడం అంత కారణం.

మళ్లీ మొదటికి వచ్చే కథ, కొన్ని మినహాయింపులు

తెలుగు పాఠకులకు ఈ నిర్మాణం కొత్తేమీ కాదు. విక్రమార్కుడు మౌనం వీడగానే బేతాళుడు శవంతో సహా మాయమై మళ్లీ చెట్టెక్కుతాడు. మరుసటి కథ అక్కడి నుంచే మొదలు. ముందు కథలో రాజు ఏం నేర్చుకున్నాడో తర్వాతి కథకు అక్కర్లేదు. సిట్‌కామ్ కూడా అంతే. హోమర్ ఒక వారం వ్యోమగామి అవుతాడు, ఇంకో వారం బాక్సర్ అవుతాడు, తర్వాతి వారం మామూలుగా అణువిద్యుత్ కేంద్రంలో కునుకు తీస్తుంటాడు. ఏ ఎపిసోడ్ ఏ వరుసలో చూసినా అర్థం కావాలన్నది దీని వెనకున్న వ్యాపార అవసరం. అమెరికాలో పాత ఎపిసోడ్లను స్థానిక ఛానళ్లకు అమ్మి తిరిగి ప్రసారం చేసే పద్ధతి ఉంది. అలా అమ్ముడుపోవాలంటే ప్రతి ఎపిసోడ్ విడిగా నిలబడాలి.

అయితే సింప్సన్స్ పూర్తిగా మొదటికి రాదు. చిక్కంతా అక్కడే. హోమర్ పొరుగింటి నెడ్ ఫ్లాండర్స్ భార్య మాడ్ 2000 ఫిబ్రవరిలో చనిపోయింది, అప్పటి నుంచి అతను ఆమె లేకుండానే బతుకుతున్నాడు. టీచర్ క్రబాపెల్‌కు గొంతిచ్చిన మార్సియా వాలస్ 2013లో కన్నుమూసినప్పుడు ఆ పాత్రను విరమించారు. కొన్ని సంఘటనలు నిలుస్తాయి, కొన్ని ఆవిరవుతాయి. ఏది నిలుస్తుందో ముందే చెప్పే నియమం లేదు. నియమం అసలే లేకపోతే ఎవరూ తప్పులు వెతకరు. సగం ఉండబట్టే వెతుకుతారు.

1997 సెప్టెంబర్‌లో వచ్చిన 'ద ప్రిన్సిపల్ అండ్ ద పాపర్' ఈ సగం నియమాన్ని పరీక్షించింది. స్కూల్ ప్రిన్సిపల్ స్కిన్నర్ అసలు స్కిన్నరే కాదని, అతని పేరు ఆర్మిన్ టాంజేరియన్ అని తేల్చింది. చివర్లో జడ్జి ఈ సంగతి ఇకపై ఎవరూ ఎత్తకూడదని ఆదేశించి, అంతా పాతలాగే ఉండమంటాడు. కంటిన్యుటీని కథలోనే కోర్టు ఉత్తర్వుతో సరిచేయడం అదే. ప్రేక్షకులు మాత్రం ఆ ఉత్తర్వును పాటించలేదు. దాదాపు మూడు దశాబ్దాలుగా దాని గురించే మాట్లాడుకుంటున్నారు.

తయారీలో పుట్టే తప్పులు

టైమ్‌లైన్ తేడాలు రచయితల ఎంపిక. తయారీలో దొర్లే పొరపాట్లు వేరు, ఈ రెంటినీ కలిపి ఒకే జాబితాలో వేయడం వల్లే గందరగోళం పెరుగుతుంది.

ఒక సింప్సన్స్ ఎపిసోడ్‌కు కథ అనుకున్నప్పటి నుంచి ప్రసారం దాకా చాలా నెలలు పడుతుంది. రచయితల గదిలో స్క్రిప్టు, నటీనటులతో చదివింపు, గొంతుల రికార్డింగ్, స్టోరీబోర్డు అమెరికాలో జరుగుతాయి. బొమ్మల పనిలో పెద్ద భాగం దక్షిణ కొరియా స్టూడియోలకు వెళ్తుంది. తిరిగి వచ్చాక ఎడిటింగ్‌లో కొన్ని డైలాగులు మారతాయి, కొన్ని షాట్లు మళ్లీ గీయిస్తారు. ఒక షాట్‌లో కుడిచేతిలో ఉన్న గ్లాసు తర్వాతి షాట్‌లో ఎడమచేతికి వచ్చిందంటే, మధ్యలో ఒక షాట్ తీసేశారనో, రెండు షాట్లు వేర్వేరు చేతుల్లో తయారయ్యాయనో అనుకోవచ్చు.

తొలి సీజన్ ఇలాంటి వాటికి గని. ముందుగా తయారైన ఎపిసోడ్‌లో యానిమేషన్ బాగా రాలేదని చాలా భాగం మళ్లీ చేయించారు. అది 1990 మే నెలలో సీజన్ చివరి ఎపిసోడ్‌గా బయటికొచ్చింది. తయారీ వరుసలో ఎనిమిదోదైన క్రిస్మస్ కథ 1989 డిసెంబర్ 17న మొదటి ఎపిసోడ్‌గా ప్రసారమైంది. ఇంటికి కుక్క వచ్చేది ఆ కథలోనే. అంటే తెర మీద ప్రేక్షకుడు చూసిన వరుస వేరు, రచయితలు రాసుకున్న వరుస వేరు. కుక్క ఇంట్లో అడుగుపెట్టకముందు రాసిన కథలు, కుక్క వచ్చాక ప్రసారమయ్యాయి.

అదే సీజన్ మూడో ఎపిసోడ్‌లో అణువిద్యుత్ కేంద్రం యజమాని బర్న్స్‌కు సహాయకుడైన స్మిథర్స్ నల్లజాతీయుడిగా కనిపిస్తాడు. తర్వాత నుంచి అందరిలా పసుపు రంగే. ఇది కథలో మార్పు కాదు, రంగు వేయడంలో జరిగిన పొరపాటు. ఎండకు కమిలి ఉంటాడులే అని తర్వాత సరదాగా సర్దిచెప్పారు. టైటిల్స్ సంగతి ఇంకా విచిత్రం. సాక్సఫోన్ వాయించే బ్లీడింగ్ గమ్స్ మర్ఫీ 1995 ఏప్రిల్‌లో వచ్చిన ఎపిసోడ్‌లో చనిపోయాడు. అయినా ఆ తర్వాత ఏళ్ల తరబడి ప్రతి వారం టైటిల్ సీక్వెన్స్‌లో ఫుట్‌పాత్ మీద కనిపిస్తూనే ఉన్నాడు. ఆ సీక్వెన్స్ అంతకు ముందే గీసి పెట్టుకున్నది. టైటిల్స్‌ను పూర్తిగా కొత్తగా గీయించింది 2009 ఫిబ్రవరిలోనే.

నెలల తరబడి సాగే ఈ తయారీ వల్ల ఒక లాభమూ ఉంది. 2007 నవంబర్ నుంచి 2008 ఫిబ్రవరి వరకు హాలీవుడ్ రచయితలు సమ్మె చేశారు. చాలా సీరియళ్లు ఆగిపోయిన ఆ రోజుల్లోనే 'దట్ నైంటీస్ షో' కొత్త ఎపిసోడ్‌గా ప్రసారమైంది. దాని రాత పని సమ్మెకు చాలా ముందే ముగిసింది కాబట్టి.

తప్పులు పట్టేవాళ్ల మీద జోకులు

రచయితలకు ఇదంతా తెలియదనుకుంటే పొరపాటు. 1993లో 'హోమర్స్ బార్బర్‌షాప్ క్వార్టెట్' అనే ఎపిసోడ్‌లో హోమర్ 1985లో బీటిల్స్ అంత పేరున్న గాయక బృందంలో ఉన్నాడని, గ్రామీ కూడా గెలిచాడని చెప్పారు. కథ అయిపోయాక పిల్లలు అడగాల్సిన ప్రశ్నే అడుగుతారు: ఇంత జరిగితే మాకు ఇప్పటిదాకా ఎందుకు తెలియదు? మంచి జవాబులున్నాయి గానీ ఇంకో రాత్రి చెబుతానని హోమర్ తప్పించుకుంటాడు. ఆ రాత్రి రాలేదు. పైగా 2008లో అతనికి రెండో సంగీత వైభవం తగిలించారు.

1997 ఫిబ్రవరిలో వచ్చిన 'ఇచీ అండ్ స్క్రాచీ అండ్ పూచీ షో' నేరుగా అభిమానుల మీదే గురిపెట్టింది. ఇచీ అనే ఎలుక, స్క్రాచీ అనే పిల్లి సింప్సన్స్ కథలో పిల్లలు టీవీలో చూసే కార్టూన్ పాత్రలు. ఒక అభిమాని లేచి, 2ఎఫ్09 నంబరు ఎపిసోడ్‌లో ఎలుక పిల్లి అస్థిపంజరాన్ని జైలోఫోన్‌లా వాయించినప్పుడు ఒకే ఎముకను రెండుసార్లు కొట్టినా రెండు వేర్వేరు స్వరాలు వచ్చాయేమిటని నిలదీస్తాడు. 2ఎఫ్09 అనేది నిజంగానే సింప్సన్స్ తయారీ కోడ్. 1999 హాలోవీన్ ఎపిసోడ్‌లో, తప్పులు ఎత్తిచూపే అభిమానులకు నటి లూసీ లాలెస్ ఒకే జవాబిస్తుంది: అలాంటిది ఎప్పుడు కనిపించినా అది మాంత్రికుడి పని అనుకోండి. ఆ మాట తర్వాత అభిమానుల చర్చల్లో సామెతలా స్థిరపడింది. హాలోవీన్ ఎపిసోడ్లను మొదటి నుంచీ అసలు కథ లెక్కలోకి తీసుకోరు కాబట్టి, అక్కడ ఏమన్నా చెల్లుతుంది.

రిఫరెన్సు ఎక్కడ పెడతారన్నదే తేడా

ఇతర యానిమేషన్ సిట్‌కామ్‌లతో పోలిస్తే ఈ సమస్య ఎందుకు సింప్సన్స్‌కే ఎక్కువో తెలుస్తుంది. 'ఫ్యామిలీ గై'లో రిఫరెన్సులు ఇంకా ఎక్కువ, కానీ అవి చాలావరకు కట్‌అవే జోకులు. కథ ఆగుతుంది, ఏదో సినిమా మీదో నటుడి మీదో పది సెకన్ల వేళాకోళం నడుస్తుంది, కథ మళ్లీ మొదలవుతుంది. ఆ జోకు పాతబడితే నవ్వు తగ్గుతుందే తప్ప పాత్రల చరిత్ర చెదరదు. సింప్సన్స్ ఫ్లాష్‌బ్యాక్‌లలో రిఫరెన్సు కథలోనే ఇమిడి ఉంటుంది. 'ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్' తీసేస్తే బార్ట్ పుట్టుక సంవత్సరం పోతుంది.

'సౌత్ పార్క్' ఇంకో దారి. ఒక్కో ఎపిసోడ్‌ను ఆరు రోజుల్లో తయారుచేస్తారు. ఒబామా గెలిచిన మర్నాడే, 2008 నవంబర్ 5న, ఆ గెలుపు మీద ఎపిసోడ్ వచ్చేసింది. రిఫరెన్సు ఆ వారానిదే కాబట్టి దాన్ని ఆ వారం డైరీలాగే చూస్తారు. నెలలు పట్టే సింప్సన్స్ తాజా వార్తతో పోటీపడలేదు, అందుకే అందరికీ ఇంకా గుర్తుండే పాత సంస్కృతి వైపు మొగ్గుతుంది. ఫ్లాష్‌బ్యాక్ దానికి అనువైన చోటు.

'కింగ్ ఆఫ్ ద హిల్' 2025 ఆగస్టులో తిరిగి మొదలైనప్పుడు పాత్రల వయసు పెంచేసింది. పిల్లవాడు బాబీ ఇప్పుడు ఇరవై దాటిన చెఫ్. మన టీవీ సీరియళ్లలో లీప్ అంటారే, అలాంటిదే. లెక్క శుభ్రంగా కుదిరింది, కానీ అల్లరి పిల్లవాడి మీద నిలబడ్డ సీరియల్‌కు ఆ దారి అంత తేలిక కాదు. ఇరవై ఏళ్ల బార్ట్‌తో సింప్సన్స్ నడవదు.

'సింప్సన్స్ ముందే చెప్పింది' వెనక ఉన్నదీ ఇదే

తెలుగు రీల్స్‌లోనూ, వాట్సాప్ ఫార్వర్డ్‌లలోనూ ఈ సీరియల్ పేరు ఎక్కువగా వినిపించేది జోస్యాల సందర్భంలోనే. ఏ పెద్ద సంఘటన జరిగినా, సింప్సన్స్ ఏళ్ల క్రితమే చూపించిందని ఒక క్లిప్ తిరుగుతుంది. ఇది కూడా రిఫరెన్సుకు తేదీ జారిపోవడం వల్ల వచ్చేదే.

2000 మార్చి 19న వచ్చిన 'బార్ట్ టు ద ఫ్యూచర్'లో అధ్యక్షురాలైన లీసా, ట్రంప్ వదిలివెళ్లిన లోటు బడ్జెట్ గురించి ఒక మాట అంటుంది. 2016 తర్వాత అది జోస్యంలా వినిపించింది. కానీ 1999 అక్టోబర్ నుంచి 2000 ఫిబ్రవరి దాకా ట్రంప్ నిజంగానే రిఫార్మ్ పార్టీ తరఫున అధ్యక్ష పోటీ ఆలోచన చేశాడు. అప్పటి ప్రేక్షకులకు ఆ పేరు దినపత్రికల్లో కనిపిస్తున్న పేరే. ఆ సందర్భం మరుగున పడటంతో సమకాలీన జోకు జోస్యంగా మారింది. ఇక ఎస్కలేటర్ మీద ట్రంప్ దిగే క్లిప్ ఇంకా తేలిక. అసలు సంఘటన 2015 జూన్‌లో జరిగింది, సింప్సన్స్ చిన్న వీడియో జూలైలో వచ్చింది. తర్వాత తీసినదాన్ని ముందే తీసినట్టు తిప్పుతున్నారు. ఎపిసోడ్ పేరు, ప్రసార తేదీ లేకుండా తిరిగే క్లిప్పులను నమ్మకపోవడమే మేలు. కొన్నింటికి అసలు ఎపిసోడే ఉండదు.

ఇకముందు

2025 ఏప్రిల్‌లో ఫాక్స్ ఈ సీరియల్‌ను మరో నాలుగు సీజన్లకు పొడిగించింది. అంటే నలభయ్యో సీజన్ దాకా, 2029 వరకు. అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ల హోమర్ 1991లో పుట్టినవాడై ఉంటాడు. అతను హైస్కూల్‌లో మార్జ్‌ను కలిసేది 2000ల చివర్లో, అంటే ఫేస్‌బుక్, తొలి ఐఫోన్ల కాలంలో. 2021 ఎపిసోడ్ చూపిన టీనేజ్ హోమర్ కూడా అప్పటికి పాతబడతాడు. 1974 పాటలు అమెరికాలో దాదాపు అందరూ ఒకే రేడియోలో విన్నవి. 2009లో ఎవరి ఐపాడ్ వారిది. అందరికీ ఒకేసారి తగిలే రిఫరెన్సులు ఆ దశాబ్దంలో తక్కువ దొరుకుతాయి, కాబట్టి కొత్త ఫ్లాష్‌బ్యాక్‌లు పాటల మీద కన్నా ఫోన్లు, వెబ్‌సైట్ల మీద ఎక్కువ ఆధారపడవచ్చు.

లెక్కను ఎన్నిసార్లు జరిపినా జరగనిది ఒకటుంది, గొంతు. హోమర్‌కు గొంతిచ్చే డాన్ కాస్టెల్లనెటా 1957లో, మార్జ్ గొంతు జూలీ కావ్నర్ 1950లో పుట్టారు. 1991 లెక్కలో హోమర్ వయసు, అతని నటుడి వయసు దాదాపు ఒకటే. ఇప్పుడు మధ్యలో మూడు దశాబ్దాల దూరం వచ్చింది. పాత ఎపిసోడ్, కొత్త ఎపిసోడ్ వెంటవెంటనే చూస్తే మార్జ్ గొంతులో బరువు తెలుస్తుంది. బార్ట్ స్నేహితుడు మిల్‌హౌస్‌కు మొదటి నుంచీ గొంతిచ్చిన పమేలా హేడెన్ 2024 నవంబర్‌లో విరమించుకున్నారు. ఆ పాత్రను ఈసారి ఆపేయలేదు, కెల్లీ మెక్‌లియడ్ గొంతుతో కొనసాగిస్తున్నారు.